గోలు వెనక కూర్చున్నవాడికీ ఆట కనబడాలి

ఇండియా ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి ఊరు దాటి వెళ్లొచ్చినవాళ్ల ఉత్తరాలు ఈమధ్య బాగా వస్తున్నాయి. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కణ్ణుంచి రాసినా అందరి బాధా దాదాపు ఒకటే: ఆట మీద ఇష్టంతో వెళ్లి స్టేడియం మీద కోపంతో తిరిగొచ్చారు. అందుకని ఈసారి మిగతా ఆటల ప్రశ్నలు పక్కన పెట్టి ఈ ఒక్క విషయమే తీసుకుంటున్నాను. ఉత్తరాలు పొడుగ్గా ఉన్నాయి, కొంచెం కుదించాను. ఫిర్యాదులున్న చోట స్టేడియాల పేర్లు తీసేశాను.

ప్ర: నేనూ మా బావమరిదీ ఇండియా మ్యాచ్ కోసం పెద్ద స్టేడియానికి వెళ్లాం. గోలు వెనక టిక్కెట్లు దొరికాయి. అవతలి గోలు దగ్గర ఆటగాళ్లు చీమల్లా కనిపించారు, ఎవరు కొట్టారో ఎవరు పడిపోయారో ఒక్కటీ తెలియలేదు. పక్క సీటతను ఫోన్లో లైవ్ చూస్తూ చెబితే గోలు తప్పిందని మాకు అర్థమైంది. పాతబడిపోయిన ఇలాంటి స్టేడియాలేనా మనకి గతి? అసలు ఇండియాకి ఫుట్‌బాల్ జాతీయ స్టేడియం అంటూ ఉందా? (బరంపురం పాఠకుడు)

జ: లేదు తమ్ముడూ. ఇంగ్లండ్ జట్టుకి వెంబ్లీ ఉన్నట్టు మన జట్టుకి ఎప్పుడూ ఆడే మైదానం ఒకటంటూ లేదు, ఏ రాష్ట్రం ముందుకొస్తే అక్కడ ఆడతారు. 2023 జూన్‌లో లెబనాన్ మీద 2-0తో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు గెలిచింది భువనేశ్వర్ కళింగ స్టేడియంలో, మరుసటి నెల కువైట్ మీద పెనాల్టీల్లో దక్షిణాసియా శాఫ్ కప్పు గెలిచింది బెంగళూరు కంఠీరవలో, 2024 జూన్‌లో అదే కువైట్‌తో 0-0 ఆడి అప్పటి మన కెప్టెన్ సునీల్ ఛెత్రీ వీడ్కోలు తీసుకున్నది (తర్వాతి ఏడాది మళ్లీ వచ్చాడు, అది వేరే సంగతి) కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో, ఆ నవంబర్‌లో మలేషియాతో 1-1 డ్రా అయింది హైదరాబాద్ గచ్చిబౌలిలో. నాలుగు ఊళ్లు, నాలుగు స్టేడియాలు. నాలుగింటిలోనూ గడ్డి చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉంది. మీకు ఆట కనబడకపోవడానికి అసలు కారణం అదే.

పాతబడిపోయిందని రాశారు. వయసు ఒక్కటే సమస్య కాదంటాను. ఢిల్లీ నెహ్రూ స్టేడియం 1982 ఏషియన్ గేమ్స్ కోసం కట్టారు, సాల్ట్‌లేక్ 1984లో తెరిచారు, గచ్చిబౌలి 2003 ఆఫ్రో ఏషియన్ గేమ్స్ జరిగిన చోటు. ఇరవై ఏళ్ల తేడా ఉన్నా కట్టిన ఆలోచన మాత్రం మారలేదు. ప్రారంభోత్సవాలూ మార్చ్‌పాస్టులూ పరుగులూ జావెలిన్ త్రోలూ అన్నీ ఒకే చోట జరగాలి, మధ్యలో గడ్డి ఎలాగూ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఫుట్‌బాల్ కూడా ఆడుకోవచ్చు, ఇదీ లెక్క. ఆ గడ్డి మీద ఆడేవాళ్ల గురించి కాస్తో కూస్తో ఆలోచించారేమో గాని, డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని గోలు వెనక కూర్చునేవాడి గురించి ఎవరూ ఆలోచించలేదు.

దూరం సంగతి లెక్క వేసి చూపిస్తాను, కాగితం మీద మీరూ వేసుకోవచ్చు. ట్రాక్ అంటే లోపలి లేన్ వెంబడి చుట్టూ 400 మీటర్లు. దాని లోపలి ఖాళీ పొడుగు సుమారు 157 మీటర్లు, వెడల్పు 73. ఫుట్‌బాల్ మైదానమేమో 105 పొడుగు, 68 వెడల్పు. వెడల్పులో దాదాపు సరిపోతుంది, పొడుగు దగ్గరే వచ్చింది చిక్కు, ఒక్కో గోలు వెనక 26 మీటర్లు వృథాగా మిగిలిపోతుంది. దాని మీద ఎనిమిది లేన్లు, ఒక్కోటి 1.22 మీటర్ల చొప్పున మొత్తం దాదాపు పది. అంటే మీ ముందు వరుసకీ గోలు గీతకీ మధ్య ఎంత తక్కువేసినా 36 మీటర్లు. పెనాల్టీ కొట్టేవాడు గోలుకి 11 మీటర్ల దూరంలో నిలబడతాడు, మీరు దానికి మూడింతల పైన దూరంలో కూర్చున్నారు, అదీ మీ వైపు గోలుకి. అవతలి గోలు మీ నుంచి 140 మీటర్ల పైమాటే. పక్క గ్యాలరీలో కూర్చున్నవాడికి ఇంత అన్యాయం జరగదు, అక్కడ దూరం పన్నెండు మీటర్ల చిల్లర. అందుకే ఆ టిక్కెట్లు ముందు అమ్ముడుపోతాయి, మిగిలినవి దూరం నుంచి వచ్చే మనబోటివాళ్లకి దొరుకుతాయి.

ఇంకో ముక్క, ఇది చాలామంది గమనించరు. ముందు వరుస టిక్కెట్టు దొరికిందని సంబరపడతాం గదా, ట్రాక్ ఉన్న స్టేడియంలో ముందు వరుస అన్నిటికంటే కష్టం. గీత పక్కన నిలబెట్టే ప్రకటనల బోర్డులు దాదాపు మీటరు ఎత్తుంటాయి. ఆ బోర్డుకి దగ్గరగా, కాస్త ఎత్తులో కూర్చుంటే దాని మీదుగా కిందికి చూస్తారు, గీత కనబడుతుంది. అదే ఎత్తులో ముప్పై ఆరు మీటర్ల వెనక కూర్చుంటే చూపు నేలబారుగా వెళ్తుంది, బోర్డు వెనక గోలు గీతా ఆటగాడి కాళ్లూ రెండూ మాయం. ఫుట్‌బాల్‌లో కాళ్లు కనబడకపోతే ఇంకేం చూస్తాం చెప్పండి. అందుకని ఈసారి వెళ్తే గోలు వెనక వీలైనంత పై వరుస అడగండి, దూరం ఇంకొంచెం పెరిగినా ఆట ఎటు కదులుతోందో కనబడుతుంది.

ప్ర: అయితే ఆ ట్రాక్ పీకేసి కుర్చీలు ముందుకి జరిపేస్తే పోలా? ఇంత చిన్న పనికి ఇన్నేళ్లా? (గుణుపురం పాఠకుడు)

జ: చిన్న పని కాదు బాబూ, పైగా పీకేయమని నేను అడగను కూడా. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి, 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయిన అమ్మాయి, తయారైంది భువనేశ్వర్‌లోనే. ఆ పిల్లలకి మంచి సింథటిక్ ట్రాక్ దొరకడం మనకి మంచి మైదానం దొరకడం కంటే కష్టం. వాళ్ల నోటి దగ్గర కూడు లాక్కుని మనం ఆట చూడక్కర్లేదు.

ఇక పని మాటకొస్తే, జర్మనీలో స్టుట్‌గార్ట్ వాళ్లు నిజంగానే ట్రాక్ తీసేశారు. తీసేసి ఊరుకుంటే కుదరలేదు, మైదానాన్ని మీటరు పైచిలుకు లోతుకి దించి, గోల్‌పోస్టుల వెనక గ్యాలరీలు కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. ఉత్తినే కుర్చీలు ముందుకి జరిపితే ముందువాడి తల వెనకవాడికి అడ్డం, ఎందుకంటే మెట్ల వాలు ఆ దూరానికి లెక్కేసి కట్టింది. పారిస్ దగ్గర 1998 ప్రపంచకప్‌కి కట్టిన స్టాడ్ ద ఫ్రాన్స్‌లో కింది గ్యాలరీయే వెనక్కీ ముందుకీ కదులుతుంది, పరుగులప్పుడు వెనక్కి, ఫుట్‌బాల్‌కి ముందుకి, కానీ అది మొదట్నుంచీ అలా అనుకుని కట్టింది. లండన్ ఒలింపిక్ స్టేడియంలో తర్వాత కదిలే కుర్చీలు పెట్టారు, 2016లో వెస్ట్‌హామ్ క్లబ్బు అక్కడికి మారింది, దూరం పోలేదని వాళ్ల అభిమానులు ఇప్పటికీ గొడవ పెడుతూనే ఉన్నారు.

నా మాట ఒకటే. ట్రాక్ ఉన్నదాన్ని అథ్లెట్లకి వదిలేసి, ఫుట్‌బాల్‌కి వేరే మైదానం కట్టాలి.

ప్ర: మా అమ్మాయి స్కూలు టీములో ఆడుతుంది, దానికోసమే మ్యాచ్‌కి తీసుకెళ్లాను. గేటు దగ్గర మా నీళ్ల సీసా పడేయించారు. లోపల నీళ్లు అమ్మే చోటు రెండు బ్లాకుల అవతల. హాఫ్‌టైంలో బాత్రూం లైన్లో నిలబడితే మా వంతు వచ్చేసరికి సెకండ్ హాఫ్ మొదలై చాలాసేపైంది, తీరా లోపల కుళాయిలో నీళ్లు లేవు. ఆడవాళ్లం రాకూడదనే ఇలా కడతారా? (పర్లాకిమిడి పాఠకురాలు)

జ: చెల్లెమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు కోపం తగ్గలేదు. ఆట కనబడకపోవడం ఒక బాధ, పదేళ్ల పిల్లని తీసుకెళ్లిన తల్లిని గుక్కెడు నీళ్లకి బ్లాకులు దాటించడం అంతకంటే పెద్ద తప్పు. రావొద్దని ఎవరూ చెప్పి ఉండరు గాని, వస్తారని అనుకుని కట్టినవాళ్లూ లేరు. పాత స్టేడియాల్లో చాలాచోట్ల ఒక్కో స్టాండుకి మగవాళ్లకి వరసగా ఉంటాయి, ఆడవాళ్లకి ఎక్కడో మూల రెండో మూడో. హాఫ్‌టైం 15 నిమిషాలు. మనిషికి రెండు నిమిషాలు వేసుకున్నా ఆ టైములో ఒక గది ఏడెనిమిది మందికి సరిపోతుంది. ఒక స్టాండులో ఐదొందల మంది ఆడవాళ్లుంటే ఎన్ని గదులు కావాలో ఇంజనీరే అక్కర్లేదు, మీ అమ్మాయి కూడా లెక్క చెబుతుంది. 2007లో కొత్తగా కట్టిన వెంబ్లీలో 90,000 సీట్లకి 2,618 టాయిలెట్లు పెట్టారు. అంత మనం కోరడం లేదు, కుళాయిలో నీళ్లొస్తే చాలంటున్నాం.

2022లో అమ్మాయిల అండర్-17 ప్రపంచకప్ భువనేశ్వర్‌కి వచ్చింది. అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0, మన పిల్లలు గట్టి దెబ్బలే తిన్నారు. అయినా మన అమ్మాయిలు ప్రపంచకప్‌లో ఆడడం చూసిన ఈ జిల్లాల పిల్లలు ఆ ఆట వదల్లేదు, మీ అమ్మాయిలాగే. వాళ్లని గ్యాలరీకి రప్పించాలంటే మొదట కట్టాల్సింది స్కోర్‌బోర్డు కాదు, బాత్రూము.

ఒక పని చేయండి. ఈసారి ఇలా జరిగితే టిక్కెట్టు ఫొటో, గేటు నంబరు, బ్లాకు, టైము, ఎండిపోయిన కుళాయి ఫొటో, అన్నీ కలిపి నిర్వాహకులకీ రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానికీ అదే రోజు రాసి పంపండి. "సౌకర్యాలు బాగాలేవు" అని రాస్తే పక్కన పడేస్తారు. ఫలానా బ్లాకులో ఫలానా టైముకి నీళ్లు లేవని రాస్తే ఎవడో ఒకడు జవాబు చెప్పాల్సి వస్తుంది. నీళ్ల సీసా రానివ్వకపోతే లోపల తాగేనీళ్లు ఎక్కడున్నాయో గేటు దగ్గరే అడగండి, గట్టిగా అడగండి, మొహమాటపడకండి.

ప్ర: క్రికెట్‌కి అహ్మదాబాద్‌లో 1,32,000 మంది పట్టే స్టేడియం ఉంది. ఫుట్‌బాల్‌కి అంతకంటే పెద్దది కట్టాలని అడగాలి గాని చిన్న చిన్నవి అడుగుతారేంటి సార్? (జయపురం, డిగ్రీ విద్యార్థి)

జ: మీ ఉత్సాహం నాకు నచ్చింది, మాటకి మాత్రం ఒప్పుకోను. ఆ లెక్క మనం ఎప్పుడో చూశాం. 1997 జులై 13న సాల్ట్‌లేక్‌లో ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్. ఆ రోజు స్టేడియంలో 1,31,781 మంది. బైచుంగ్ భుటియా హ్యాట్రిక్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఆ రోజు గురించి కోల్‌కతా వాళ్లు ఇవాళ్టికీ చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. అదే స్టేడియంలో 2017 అండర్-17 ప్రపంచకప్ ఫైనల్, ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్ మీద గెలిచిన మ్యాచ్, జనం 66,684. సగానికి సగం ఎందుకు తగ్గింది? జనం రాక కాదు. బల్లల మీద ఇరుక్కుని కూర్చునే చోట మనిషికో కుర్చీ వేశారు, దారులు వదిలారు. అలా చేశాక పట్టేది అంతే.

ఆ దారులు ఊరికే రాలేదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో గొడవ లేచి, తొక్కిసలాటలో పదహారు మంది ప్రాణాలు పోయాయి. బెంగాల్‌లో ఇప్పటికీ ఆ తేదీన రక్తదానం చేస్తారు. ఇంగ్లండ్‌లో 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో స్టేడియంలో ఇనుప కంచెకి నొక్కుకుపోయి 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు, ఆ తర్వాతే అక్కడ పెద్ద స్టేడియాల్లో కంచెలు తీసి అందరికీ కుర్చీలు వేయించారు. కిక్కిరిసిన గ్యాలరీ ఫొటో చూసి మీకు ఒళ్లు పులకరిస్తుంది, నాకూ పులకరిస్తుంది, కానీ బయటికి వెళ్లే గేటు ఎంత వెడల్పుందో కూడా చూడండి. ఆ గేటుకి మోటార్ సైకిళ్లు అడ్డంగా పెట్టి ఉంటే అక్కణ్ణే కేకేసి తీయించండి.

ఇటలీలో యువెంటస్ క్లబ్బు 1990 ప్రపంచకప్‌కి కట్టిన డెల్లె ఆల్పిలో ఆడేది. 69,000 మంది పట్టేది, ట్రాక్ ఉండేది, జనం రావడం మానేశారు. దాన్ని కూల్చేసి 2011లో అక్కడే 41,000 సీట్లది కట్టుకున్నారు, ట్రాక్ లేదు, ముందు వరుసకీ గీతకీ పది మీటర్లు కూడా లేదు. అప్పట్నుంచి టిక్కెట్టు దొరకడం కష్టమైంది.

మన దగ్గరా అలాంటి సాక్ష్యం ఉంది. 2018 జూన్‌లో ముంబై అంధేరీలో, ట్రాక్ లేని చిన్న ఫుట్‌బాల్ మైదానంలో, చైనీస్ తైపీని 5-0తో కొట్టిన రోజు జనం మూడు వేలు కూడా లేరు. ఛెత్రీ వీడియో పెట్టి, తిట్టడానికైనా సరే స్టేడియానికి రండని బతిమాలాడు. కెన్యాతో తర్వాతి మ్యాచ్‌కి టిక్కెట్లు మొత్తం అయిపోయాయి. ఆ రాత్రి వాన, అయినా ఎవరూ కదల్లేదు, 3-0. అంత చిన్న చోట వచ్చిన ఆ హోరు అరవై వేల సీట్లలో పాతిక వేల మంది కూర్చుంటే రాదు, ట్రాక్ దాటేలోపే సగం చచ్చిపోతుంది.

మీకు ఇంత దూరం చెప్పాల్సిన పని కూడా లేదు. కొరాపుట్, రాయగడ వైపు పల్లెల్లో పండగల తర్వాత జరిగే టోర్నమెంట్లు మీరూ చూసే ఉంటారు. జనం సున్నం గీతకి వేళ్లు ఆనించి నిలబడతారు. కార్నర్ కొట్టడానికి వచ్చిన కుర్రాడు "జరగండి, జరగండి" అని వెనక్కి నెట్టుకుని, పరిగెత్తడానికి నాలుగడుగుల చోటు చేసుకుని కొడతాడు. బంతికి కాలు తగిలిన చప్పుడు వినబడుతుంది, గోలీ డిఫెండర్‌ని తిట్టే తిట్టు కువిలో, ఒడియాలో, తెలుగులో వినబడుతుంది, ఫౌల్ అయితే రెఫరీ కంటే ముందు మనకి తెలుస్తుంది. భద్రత చూసుకుని, కుర్చీలు వేసి, ఆ దగ్గరతనం పోకుండా ఇరవై వేల మందికి కడితే చాలు. అలాంటిది దేశానికి ఒకటి కాదు, నాలుగైదు కావాలి. అడిగితే అది అడగండి, లక్ష సీట్లు వద్దు.

ప్ర: మా నాన్నగారు కోల్‌కతాలో పనిచేసే రోజుల్లో 1997 మ్యాచ్ చూశారు. పాత స్టేడియాలు కూల్చాలంటే ఆయనకి ప్రాణం ఒప్పదు. ఏమంటారు? (రాయగడ పాఠకుడు)

జ: నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఆ మ్యాచ్ లోపల కూర్చుని చూసినవారితో వాదించే ధైర్యం నాకు లేదు. సాల్ట్‌లేక్ కూల్చమని నేనూ అనను, ఒకే ఊరి జట్లు తలపడే పెద్ద డెర్బీలకి అది కావాలి. ఇంగ్లండ్ వాళ్లు 1923 నాటి వెంబ్లీని 2000లో మూసి, కూల్చి, 2007 దాకా లేకుండా గడిపారు. ఆ ఏడేళ్లూ వాళ్ల జట్టు ఊరూరా తిరిగి ఆడింది, మాంచెస్టర్, లివర్‌పూల్, న్యూకాసిల్ వాళ్లకి తమ ఊళ్లోనే ఇంగ్లండ్ మ్యాచ్ దొరికింది. ఇది మనకి పనికొచ్చే సంగతి. ఏ స్టేడియం బాగుచేతకి మూసినా ఆ మ్యాచ్‌లు మళ్లీ ఇంకో మహానగరానికే వెళ్లాలని ఏముంది, బరంపురం లాంటి ఊళ్లో పదిహేను వేల మంది పట్టే మంచి మైదానం ఉంటే ఇటు గంజాం, గజపతి, అటు శ్రీకాకుళం జిల్లా వాళ్లంతా వచ్చి నింపరా?

ప్ర: మ్యాచ్ రాత్రి ఏడున్నరకి పెడితే మా బండి అందాలంటే సెకండ్ హాఫ్ సగంలో లేవాలి. స్టేషన్లో పడుకుని తెల్లారి బస్సుకి వచ్చాం. (గుణుపురం నుంచే ఇంకో పాఠకుడు)

జ: ఏడున్నర మ్యాచ్ తొమ్మిదిన్నరకి గాని అవ్వదు, గేటు దాటి ఆటో దొరికేసరికి ఇంకో గంట. టైము టీవీ వాళ్ల కోసం పెడతారు, దూరం నుంచి వచ్చేవాడి కోసం కాదు. శీతాకాలంలో ఐదింటికి పెట్టడానికి అడ్డేమీ లేదు, ఎండ ఉండదు, లైట్ల ఖర్చూ తగ్గుతుంది. మ్యాచ్ రాత్రుల్లో స్టేషన్‌కీ బస్‌స్టాండ్‌కీ స్పెషల్ బస్సులు వేయమని క్లబ్బుల అభిమాన సంఘాల తరఫున రాయించండి, ఒక్కరు రాసినదానికంటే వందమంది సంతకాలుంటే చూస్తారు. అందాకా ఏదైనా మ్యాచ్‌కి వెళ్లేటప్పుడు తిరుగు టిక్కెట్టు తెల్లవారుజాము బండికి చేయించుకోండి, చివరి పావుగంట మాత్రం వదులుకోకండి.

వచ్చే నెల ఇదే శీర్షికలో, మీరు చూసిన స్టేడియాల్లో ఏ బ్లాకు ఏ వరుస నుంచి ఆట ఎంతవరకు కనబడిందో వేద్దామనుకుంటున్నాను. టిక్కెట్టు మీది బ్లాకు, వరుస, సీటు నంబరు, ఏ గోలు వైపు కూర్చున్నారో రాసి పంపండి. దగ్గర్లో నీళ్లూ బాత్రూమూ ఉన్నాయో లేదో కూడా రాయండి.